మనసులో చదువుకోండి సార్!

బోర్డుల బాబాయికి కంటికీ నోటికీ మధ్య తలుపు లేదు. కంట పడిన అక్షరం నోట పడి తీరవలసిందే. అదీ గొణుగుడు కాదు. నలుగురికీ వినబడేలా, ఒత్తుల దగ్గరా దీర్ఘాల దగ్గరా ఎక్కడా రాజీ పడకుండా చదువుతాడు. బస్సెక్కి "కదులుతున్న బస్సు దిగరాదు" అని ఆయన చదివితే, దిగబోతున్నవాడు ఉలిక్కిపడి మళ్లీ సీట్లో కూలబడతాడు. "ఉమ్మివేయరాదు" అని చదివితే పక్కాయన మింగేస్తాడు. ఆఫీసు లిఫ్టులో "ఆరుగురికి మించి ఎక్కరాదు" అని చదివి, తలలు లెక్కపెట్టి, ఏడో తల తనదేనని తేలితే అందరికీ క్షమాపణ చెప్పి దిగిపోయి మెట్లెక్కుతాడు.

పెళ్లి పిలుపుకి వచ్చినవాళ్ల అవస్థ చెప్పనే అక్కర్లేదు. గేటు దగ్గర ఎదురుపడి శుభలేఖ చేతికిస్తే పైనుంచి మొదలుపెట్టి, అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న ప్రెస్సువాడి ఫోన్ నంబరు దాకా చదివి, అప్పుడు "తప్పకుండా వస్తాం" అంటాడు. ఈలోగా వాళ్లు ఇంకో రెండిళ్లు పిలిచి రావచ్చు.

ఒకసారి పళ్ల డాక్టరు దగ్గర కూర్చుని, గోడమీదున్న చిగుళ్ల జబ్బుల పటమంతా ఏకబిగిన చదివాడు. వరసలో ఉన్నవాళ్లు ఒక్కొక్కరే లేచి, నొప్పి తగ్గిపోయిందని చెప్పి ఇళ్లకు వెళ్లిపోయారు. డాక్టరు పరుగున బయటికొచ్చి చేతులు పట్టుకున్నాడు.

"మనసులో చదువుకోండి సార్, మీకు పుణ్యముంటుంది!"

"మనసులో చదివితే మనసుకే తెలుస్తుందండీ," అన్నాడు బాబాయి.

ఈ జవాబు ఆ వీధి వీధంతటికీ కంఠతా వచ్చు. చేతిలో కాగితంతో బాబాయి మెట్లు దిగుతున్న చప్పుడైతే చాలు, టపటపా తలుపులు మూసుకునేవి.

బాబాయి ఉండే ఆ మేడలో తలుపు మూయని మనిషి ఒక్కతే. ఆమె కింది వాటాలో ఉండే టైలరమ్మ. తలుపు మూయదు సరికదా, బాబాయి గొంతు వినబడితే మిషను ఆపి మరీ చెవి ఒగ్గేది.

కారణం ఆమెకొక్కదానికే తెలుసు. టైలరమ్మకు అంకెలు వచ్చు, అక్షరాలు రావు. ఎవరి భుజం కొలత ఎంతో ఏడాది తర్వాత అడిగినా తడుముకోకుండా చెబుతుంది. కానీ కాగితం మీద బారులు తీరిన అక్షరాలను చూస్తే మాత్రం చూపు తిప్పేసుకుంటుంది. చిన్నప్పుడు బడికి పంపినవాళ్లు లేరు. పెద్దయ్యాక, "ఇందులో ఏముందో కాస్త చదివి పెట్టండి" అని అడగడానికి నోరు రాలేదు. ఎవరైనా కాగితం చేతికిస్తే, "అయ్యో, కళ్లజోడు ఇంట్లో మర్చిపోయానండీ!" అంటుంది. ఇంట్లోనే ఉండగా ఇస్తే, "కళ్లజోడు ఎక్కడ పెట్టానో ఏమో!" అంటుంది. నిజానికి ఆమెకు కళ్లజోడే లేదు. మసక చీకట్లో కూడా ఒక్క పోటుతో సూదిలోకి దారం ఎక్కించే మనిషికి కళ్లజోడెందుకు?

అలాంటి మనిషికి బాబాయి నోరు వరమైంది. నోటీసు బోర్డు దగ్గర నిలబడి ఆయన "రేపు ఉదయం నీళ్లు రావు!" అని చదవగానే ఆమె బిందెలు నింపుకునేది. తన ఇంటి గుమ్మంలో కరెంటు బిల్లు పడితే, దారినపోయే బాబాయి దాన్ని తీసి గడువు తేదీతో సహా చదివి ఇచ్చేవాడు. 'పాపం, ఈయనకి తెలియకుండానే నాకు మేలు జరిగిపోతోంది' అని ఆమె లోలోపల నవ్వుకునేది.

ఇలా ఉండగా టైలరమ్మ పాత తొక్కుడు మిషను అమ్మేసి, దాచుకున్నదంతా దానికి కలిపి, కరెంటుతో నడిచే ఎంబ్రాయిడరీ మిషను కొంది. తెరమీద బొమ్మ నొక్కితే చాలు, పువ్వు దానంతటదే కుట్టేస్తుంది. మొదటి వారం ముచ్చటగా కుట్టింది. రెండో వారం నుంచి సగం పువ్వు కుట్టడం, తెర నల్లబడటం, మోటారు మూలగడం. షాపుకి తీసుకెళ్తే బాగుచేశామని ఇచ్చేవారు. ఇంటికి తెస్తే మళ్లీ సగం పువ్వే. తీసుకెళ్లిన ప్రతిసారీ గేటు దగ్గర బాబాయి ఎదురయ్యేవాడు.

"ఎక్కడికి తల్లీ, ఎలక్ట్రానిక్స్ షాపుకా? పద పద, నేనూ అటే. బల్బు కొనాలి."

మిషను సంచిని చెరో పక్కా పట్టుకుని ఇద్దరూ బస్సెక్కేవారు. ఆయన దారి పొడుగునా బోర్డులు చదివేవాడు.

చివరికి ఒకరోజు షాపు మేనేజరు ఫోన్ చేశాడు. మిషను ఇక బాగుపడదట, తెచ్చిచ్చేసి సగం డబ్బు పట్టుకెళ్లమన్నాడు. టైలరమ్మ లెక్క వేసుకుంది. సగం డబ్బుకి ఎవరైనా సగం మిషను అమ్ముతారా? పాతది పోయె, కొత్తది చెడె. మిషనే లేకపోతే తినడానికి తిండి మాట అటుంచి, టైలరమ్మ అన్న పేరు కూడా మిగలదు.

గేటు దగ్గర యథాప్రకారం బాబాయి. "బల్బు కొనాలి తల్లీ!"

షాపులో కొనేవాళ్లకి అద్దాల తలుపులూ, చల్లగాలీ, "రండి రండి" అనే మర్యాదలూ. తిరిగిచ్చేవాళ్లకి మాత్రం మెట్లకింద ఒక ఇరుకు కౌంటరు. దాని వెనక మేనేజరు, ఆయన నెత్తిమీద ఎర్రటి బోర్డు. టైలరమ్మ వెనకాల వరసలో కెటిల్ పట్టుకుని ఒకావిడ, ఇస్త్రీపెట్టె పట్టుకుని ఒకాయన నిలబడ్డారు. బాబాయి బల్బుల వైపు వెళ్లిపోయాడు.

"చూడండమ్మా," అన్నాడు మేనేజరు తియ్యగా. "మిషను అసలుకే పనిచేయట్లేదని మీరూ అనట్లేదు. సగం పువ్వు కుడుతోంది. సగం పనికి సగం డబ్బు. న్యాయమేగా?"

వినడానికి నిజంగానే న్యాయంలా ఉంది. అదే టైలరమ్మను భయపెట్టింది.

"ఇక్కడ సంతకం పెట్టండి. ఊరికే, డబ్బు ముట్టినట్టు."

పేరు మాత్రం బొమ్మ గీసినట్టు గీయడం ఆమె నేర్చుకుంది. కలం చేతిలోకి తీసుకుని ఆగింది. డబ్బు ముట్టిందని చెప్పడానికి ఇన్ని అక్షరాలెందుకు?

"ఇందులో ఏముందండీ?"

"చదువుకోండమ్మా, నాలుగు లైన్లేగా," అని మేనేజరు కాగితాన్ని ఆమె వైపు తిప్పాడు.

"అయ్యో... కళ్లజోడు ఇంట్లో మర్చిపోయానండీ."

"అంతేనా? నాది పెట్టుకోండి!" అంటూ మేనేజరు తన కళ్లజోడు తీసి, చొరవగా ఆమె చేతిలో పెట్టాడు.

ఇలా జరుగుతుందని ఆమె ఏనాడూ అనుకోలేదు. ఏం చేస్తుంది, పెట్టుకుంది. ఇన్నేళ్లుగా కాపాడుకొస్తున్న అబద్ధం ముక్కుమీదికొచ్చి కూర్చుంది. కాగితం మీది అక్షరాలు అలుక్కుపోయాయి. వెనక కెటిల్ ఆవిడ, "చదివేయండమ్మా, మేమూ ఉన్నాం," అంది. అందరూ చూస్తున్నారు.

"ఇటు తే తల్లీ!" అని పక్కనుంచి ఒక చెయ్యి వచ్చి కాగితం లాగేసుకుంది. "అచ్చుకాగితం కనబడితే నాకు ఆగదని తెలుసుగా!"

టైలరమ్మకు ఊపిరి వచ్చింది. బాబాయి రెండో చేతిలో ఉన్న బల్బును కౌంటరు మీద పెట్టి, గొంతు సవరించుకున్నాడు.

"పై సొమ్మును నా ఫిర్యాదుకు పూర్తి మరియు తుది పరిష్కారముగా అంగీకరిస్తున్నాను! ఈ వస్తువు విషయమై ఇకమీదట నాకు ఏ హక్కూ లేదని, ఎవరి బలవంతమూ లేకుండా, నా ఇష్టపూర్తిగా ఒప్పుకుంటున్నాను!"

"ఏంటీ?" అంది కెటిల్ ఆవిడ. "మిక్సీకి మొన్న నాచేత పెట్టించుకున్న సంతకం ఇదేనా?"

ఇస్త్రీపెట్టె ఆయన తీసిన కలాన్ని మళ్లీ జేబులో పెట్టేసుకున్నాడు.

"సార్, సార్! మనసులో చదువుకోండి సార్!"

"మనసులో చదివితే మనసుకే తెలుస్తుందండీ."

మేనేజరుకు ఒళ్లు మండింది. "అన్నీ చదువుతున్నారుగా, ఆ బోర్డు కూడా చదవండి మరి!" అని నెత్తిమీదికి చూపించాడు. అడక్క అడక్క బాబాయిని బోర్డు చదవమని అడిగాడు!

"అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు!" అని షాపు మారుమోగేలా చదివాడు బాబాయి. అవతల టీవీలు చూస్తున్నవాళ్లు కూడా ఇటు తిరిగారు. "బాగుంది. అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి. ఇదిగో, ఈ మిషను సంచిలో ఉన్నది మీ గ్యారంటీ కార్డు. ఇప్పుడు మీ వంతు. అదీ మీదే, ఇదీ మీదేగా!"

మేనేజరు కార్డు అందుకుని కళ్లు చికిలించాడు. జేబు తడుముకున్నాడు. "నా కళ్లజోడు..."

"ఇదిగోండి సార్," అని టైలరమ్మ ముక్కుమీంచి తీసి ఇచ్చింది. ఆ కళ్లజోడు వదిలించుకున్నాక ఆమెకు ప్రపంచం మళ్లీ తేటగా కనబడింది.

మేనేజరు పెదాలు కదిపాడు.

"వినబడట్లేదండీ," అన్నాడు ఇస్త్రీపెట్టె ఆయన.

"గట్టిగా!" అంది కెటిల్ ఆవిడ.

"తడి చేతులతో తాకరాదు... పిల్లలకు అందనంత దూరములో..."

"ఇంకా కిందికి రండి," అన్నాడు బాబాయి ఆప్యాయంగా.

"కొన్న ఏడాదిలోగా తయారీ లోపము బయటపడి, మరమ్మతుకు వీలుకానిచో, వస్తువు మార్చి ఇవ్వబడును... లేక... పూర్తి..."

"పూర్తి?" అంది వరస మొత్తం.

"...మూల్యము తిరిగి చెల్లించబడును," అని మేనేజరు తన చొక్కా బొత్తాలతో చెప్పుకున్నాడు.

అప్పుడు టైలరమ్మకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది. "సార్, నేను మీకు ఒక్క చెయ్యి పెట్టి చొక్కా కుట్టిచ్చి, సగం కుట్టుకూలి ఇవ్వమంటే ఇస్తారా? సగం నాకొద్దు. మీ మిషను మీరు తీసుకోండి, నా డబ్బు మొత్తం నాకివ్వండి."

"బోర్డు తగిలించినంత మాత్రాన లోపమున్న సరుకు మీద హక్కు పోదండీ," అన్నాడు బాబాయి. "మీరు ఇవ్వనంటే వినియోగదారుల ఫోరానికి వెళ్తాం. అక్కడ గోడలనిండా ఏవేవో రాసుంటాయట. నాకూ పొద్దుపోతుంది. అన్నట్టు, రేపటినుంచి ఇక్కడికీ వస్తుంటాను. ఇంకా చదవాల్సినవి చాలా కనబడుతున్నాయి."

మేనేజరు ఆయన్ని ఎగాదిగా చూశాడు. రోజూ ఈ గొంతు ఈ కౌంటరు దగ్గర మోగడం ఊహించుకున్నట్టున్నాడు. డబ్బు మొత్తం లెక్కపెట్టి ఇచ్చాడు. వీళ్లు వెనుదిరుగుతుంటే, "నా కాగితం కూడా చదివి వెళ్లండి బాబాయిగారూ!" అని కెటిల్ ఆవిడ పిలుస్తోంది. బాబాయి ఆగి ఆమెదీ, ఇస్త్రీపెట్టె ఆయనదీ కూడా చదివిపెట్టాడు.

బస్సులో కూర్చున్నాక టైలరమ్మకు గుండెలమీంచి బండ దిగినట్టయింది. డబ్బు దక్కింది, గుట్టూ దక్కింది. బాబాయి మాత్రం బల్బు బిల్లు వెనక్కి తిప్పి, ఒక్కో అక్షరం మీదా వేలు పెట్టి, "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు... ఇక్కడా ఇదే రాశాడు చూశావా తల్లీ!" అని చదువుతున్నాడు. చదివి, ఆ బిల్లు ఆమె సంచిలో పడేశాడు.

వేరే షాపులో మంచి మిషను కొన్నాక, మొదట బాబాయికే ఒక చొక్కా కుట్టాలనుకుంది. ఆయన ఇంట్లో లేని సమయం చూసి, కొలతకి పాత చొక్కా అడుగుదామని పై వాటాకి వెళ్లింది. పిన్నిగారు బీరువా తెరవగానే లోపలినుంచి బల్బుల డబ్బాలు దొర్లుకుంటూ వచ్చాయి.

"ఇన్ని బల్బులేంటి పిన్నిగారూ?"

"ఏం చెప్పమంటావమ్మా! ఇంట్లో వెలిగేవి మూడు దీపాలు. ఎవరితో కలిసి ఎటు వెళ్లినా ఒక బల్బు పట్టుకొస్తారు. ఈయన బల్బుల పిచ్చి ఏంటో నాకైతే అంతుపట్టదు."

టైలరమ్మ నవ్వింది. "ఆయన చదువుడుకి ఇంట్లో మీ చెవులు చిల్లులు పడుతుంటాయి కదూ?"

"ఎవరు, ఈయనా? ఇంట్లో మౌనవ్రతం! పేపరంతా చదివినా పెదవి కదపరు. ఏం రాశారండీ అంటే, 'నీకు చదువొచ్చుగా, నువ్వే చదువుకో' అని విసుక్కుంటారు. మెట్లు దిగితేనే ఆ రోగం. అదీ నువ్వు కింది వాటాలో దిగిన ఏడాదే పట్టుకుంది. నీ దగ్గర ఏదో బొత్తాం కుట్టించుకుని వచ్చి, 'టైలరమ్మ చీకట్లో కూడా కళ్లజోడు లేకుండా దారం ఎక్కించేసిందే!' అని తెగ ఆశ్చర్యపోయారు. ఆ మర్నాటినుంచే ఈ బోర్డుల గోల."

పిన్ని అమాయకంగా చెప్పిందో, తెలిసే చెప్పిందో, చొక్కా మడతపెడుతూ తల ఎత్తలేదు.

టైలరమ్మ మెట్ల మధ్యలో కూర్చుండిపోయింది. తన ఒక్కదానికే చదివితే ఎవరికోసమో తెలిసిపోతుందని, ఆ పెద్దమనిషి ఊరందరికీ చదివాడు. పిచ్చివాడన్న పేరు మోశాడు. తను మాత్రం ఆయనకి తెలియకుండా మేలు పొందుతున్నానని ఇన్నేళ్లూ మురిసిపోయింది! సిగ్గు వేస్తుందేమోనని కాసేపు చూసింది. వేయలేదు. హాయిగా నవ్వొచ్చింది.

వారం తిరక్కుండా, బాబాయి మెట్లు దిగుతుండగా ఎదురెళ్లి చొక్కా చేతిలో పెట్టింది.

"ఎందుకమ్మా ఇదంతా! వద్దు, తీసేసుకో. లేదంటే డబ్బు తీసుకో," అంటూ బాబాయి చొక్కా విప్పి చూశాడు. కాలరు లోపల నీలం దారంతో ఏదో కుట్టి ఉంది. బిల్లు ముందు పెట్టుకుని, ఒక్కో అక్షరాన్నీ బొమ్మలా చూసి కుట్టిన కుట్టు. మావత్తు ఒక్కటి కాస్త పక్కకి ఒరిగింది. అక్షరాలు కంట పడ్డాక ఆయన నోరు ఆగుతుందా?

"అమ్మిన సరుకు వాపసు తీసుకోబ..."

ఆగింది. ఆ మేడ చరిత్రలో బోర్డుల బాబాయి ఒక వాక్యం మధ్యలో ఆగడం అదే మొదలు. తల ఎత్తి టైలరమ్మను చూశాడు. ఆమె కళ్లు నవ్వుతున్నాయి.

"ఏం రాసుంది బాబాయిగారూ?" అంది. "కళ్లజోడు ఇంట్లో మర్చిపోయాను."

బాబాయి ముఖమంతా నవ్వైపోయింది. "దానికేం తల్లీ, నేను లేనూ!" అని గొంతు సవరించుకుని, అన్ని అంతస్తుల తలుపులూ టపటపా మూసుకునేలా మళ్లీ మొదటినుంచి చదివాడు.