రేపల్లెకు మోసుకెళ్లిన నల్లపూత పెనం

బాపట్ల నుంచి రేపల్లెకు చెరుకుపల్లి మీదుగా బస్సుంది. బుద్ధున్నవాళ్లు అందులోనే వెళతారు. నేను తెనాలి చుట్టి రైల్లో వెళ్లాను. కారణం నా సంచిలోని పెనం. నా గదిలో ఉండే మిత్రుడి మేనమామ ఓడలో పనిచేస్తూ విదేశం నుంచి తెచ్చిన నల్లపూత పెనం అది. నూనె లేకపోయినా అట్టు అంటుకోదు. రసాయనశాస్త్రంలో డిగ్రీ పుచ్చుకున్నవాడు అలాంటిది చేతికొస్తే పదిమందికి చూపించకుండా ఎలా ఉంటాడు? బస్సులో పక్క సీటువాడికి మాత్రమే చూపించగలం, రైల్లో పెట్టె మొత్తానికీ చూపించవచ్చు. రేపల్లెలో ఉన్న మా సరళక్కకు దాన్ని కానుకిచ్చి, ఆమె అత్తగారు వెంకటరత్నమ్మ గారి దగ్గర నా పరపతి పెంచుకోవాలన్నది యాత్రోద్దేశం.

రూపాయి చిల్లర టికెట్టుతో పొద్దున పాసింజరెక్కి ఎండ ముదరకముందే తెనాలిలో దిగాను. రేపల్లె బండికి వ్యవధి ఉంది కనుక స్టేషను బయట హోటల్లో టిఫిన్ కానిచ్చాను. అట్లు పోసే మాస్టారికి పెనం చూపించి, కార్బన్‌కూ ఫ్లోరిన్‌కూ మధ్య ముడి ఎంత గట్టిదో, ఆమ్లాలు సైతం దాన్నెలా విప్పలేవో ఉపన్యసించాను. ఆయన పెనాన్ని వెనక్కి తిప్పి చూసి, "ఎంత వేడికి ఆగుద్దండి ఇది?" అన్నాడు.

"ఎంతకైనా" అన్నాను. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. నోరు ఊరికే ఉండలేక అన్నాను.

రేపల్లె బండి వేమూరు, భట్టిప్రోలు మీదుగా వరిచేల మధ్య తాపీగా పోతుంది. కిటికీ పక్కన కూర్చుంటే చేలూ కనబడతాయి, కళ్లలో బొగ్గునలుసులూ పడతాయి. మధ్యాహ్నానికి అక్కావాళ్లిల్లు చేరాను. వంటింటి కిటికీకి వేలాడుతున్న పంజరంలోంచి వెంకటరత్నమ్మ గారి చిలుక, "అబ్బాయొచ్చాడు, మంచినీళ్లివ్వండి" అంది. ఎవరొచ్చినా అదే మాట. పెళ్లయిన కొత్తలో ఆ ఇంట్లో అక్కతో ముందుగా మాట కలిపింది ఆ చిలుకేనట.

మన ఇళ్లలో కొత్త పెనం వస్తే ముందు ఖాళీగా బాగా కాల్చి, ఉల్లిపాయ చెక్కతో రుద్దాలి. అప్పుడుగాని అట్టు లేవదు. వెంకటరత్నమ్మ గారు అలాగే కుంపటి నిండా బొగ్గులు రాజేయించి పెనం పెట్టించారు. అక్క నావైపు చూసి, "ఏంట్రా, దీన్ని కూడా కాల్చాలా?" అంది. అంత గట్టి ముడికి కుంపటొక లెక్కా అని నేను వరండాలో పడక్కుర్చీలోంచే అభయమిచ్చాను. అక్క కుంపటి విసురుతూనే ఉంది. కాసేపటికి సన్నటి పొగ, ముక్కు మండించే వాసన వచ్చాయి. అక్క దగ్గుతూ బయటికి వచ్చింది. పంజరం సంగతి మాకు గుర్తొచ్చేసరికి చిలుక అడుగున పడి ఉంది.

సాయంత్రానికి అక్కకు చలిజ్వరం వచ్చింది, రొమ్ము పట్టేసింది. రిక్షాలో డాక్టరు గారి దగ్గరకు తీసుకెళ్లాను. ఆయన ఒకప్పుడు బొంబాయిలో ఫ్యాక్టరీ పనివాళ్లకు వైద్యం చేసినవారు. ఇంట్లో ఏం కాలిందని ఆయన అడిగితే, ఆమ్లాలకు విడవని ముడి సంగతితో సహా చెప్పాను. ఊపిరితిత్తుల్లో గాలి నిలిచే తిత్తులకు గోడంటే ఒకే ఒక్క వరస కణాలని, ఆ పూత కాలిన పొగ సూటిగా వాటినే గాయపరుస్తుందని ఆయన వివరించారు. చిలుక ఊపిరి మరీ చిన్నది కనుక ముందు అది పోయింది. జ్వరం తగ్గుతుందని ధైర్యం చెప్పారు. పొగలో లోపలికెళ్లినదంతా బయటికి వస్తుందా అని అడిగాను.

"అది చూసినవాళ్లెవరూ లేరయ్యా. ఏ ఆమ్లానికీ విడవదని నువ్వే అంటివి. ఒంటికి మాత్రం విడుస్తుందా?"

నా ఉపన్యాసంలో నేను మెచ్చుకున్న గుణం అదే.

తెల్లారేసరికి అక్కకు జ్వరం దిగింది, దగ్గు మాత్రం ఉంది. వెంకటరత్నమ్మ గారు చిలుకను మల్లెపాదు పక్కన పూడ్చి వచ్చి చేతులు కడుక్కుంటున్నారు. డాక్టరు గారి మాటలన్నీ ఆమెకు అప్పజెప్పాను. కేకలేస్తారనుకున్నాను. వేస్తే బాగుండేది.

"కాల్చకూడదని నీకు తెలీదా అబ్బాయి?"

"తెలీదండి."

"మరి ఆ మాటే నిన్న అనాల్సింది."

పెనాన్ని కాగితంలో చుట్టి నా చేతికిచ్చారు. బయల్దేరుతుంటే చిలుక మాట లేకుండానే ఆమే మంచినీళ్లు తెచ్చిచ్చారు. ఆ గ్లాసు ఖాళీ చేయడానికి నాకు చాలాసేపు పట్టింది.

తిరుగు ప్రయాణం చెరుకుపల్లి బస్సులో. కాగితం తొలగితే పక్కనున్న పెద్దావిడ, "ఎంత నున్నగా ఉంది బాబూ, అమ్ముతావా?" అని అడిగింది. లేదండి అన్నాను. ఎందుకో చెప్పడానికి మాత్రం సిగ్గేసింది. ఇప్పుడది నా మంచం కింద ఉంది. కాలవలో పారేస్తే కుళ్లిపోదు, ఎవరికైనా ఇస్తే కాల్చక మానరు. ఒకసారి చేసిన తర్వాత పోవడమంటూ తెలియని వస్తువును నేను ఊరూరా గొప్పగా చూపించి వచ్చాను. అక్క కార్డు రాసింది, దగ్గు తగ్గిందట. రొమ్ములో ఏదైనా మిగిలిందో లేదో కార్డులో ఎవరూ రాయలేరు.

రేపల్లె వెళ్లేవారికి ఒక సలహా. తెనాలిలో బండి మారేటప్పుడు అరటిపళ్లు కొనుక్కెళ్లండి. రెండు రోజుల్లో అయిపోతాయి. వాటి గురించి ఎవరేమడిగినా జవాబు మనకు తెలుసు.