ఒక కడుపున పుట్టినోళ్లు

కనగానపల్లిలో చాముండేశ్వరి ఎదురుపడితే మా జనం ముందు నిటారుగా నిలబడి, తర్వాత పలకరిస్తారు. ఊళ్లో ఆమె టేపు పెట్టని మనిషి లేడు మరి. అన్నదమ్ములను, అక్కచెల్లెళ్లను జతలు జతలుగా ఎత్తు కొలిచి, కాస్త నెత్తురు తీసి హిందూపురంలోని పరిశోధన ఆఫీసుకు పంపడం ఆమె ఉద్యోగం. ఎందుకని అడిగితే విసుక్కోకుండా చెప్పింది. ఇద్దరికీ ఒకే జన్యువు వచ్చిన చోట ఎత్తులో తేడా తగ్గుతుందా అని వందల జతల్లో లెక్క చూస్తారట. తగ్గిందంటే, ఎత్తు సంగతి తేల్చే జన్యువు ఆ దగ్గర్లోనే ఉన్నట్టు.

ఆ పనంటే ఆమెకు ప్రాణం. అలాంటిది మొన్న ఆషాఢంలో ఆఫీసు పెద్దాయన గిరిధర్ సారు పిలిపించాడు. ఆమె పంపిన అరవై జతల్లో పద్దెనిమిదింటికి, అన్నదమ్ములకైనా అక్కచెల్లెళ్లకైనా సగం కలవాల్సిన జన్యువులు అరకొరగా కలిశాయి. ఎవరి నెత్తురో పంపావని నోటితో అనలేదు గానీ, ఇంక పనిలోకి రావద్దన్నాడు. చాముండేశ్వరి ఎవరి చేతా మాట పడని మనిషి. నాకైతే ఒళ్లు మండింది. ఆమె మాత్రం ఒకసారి ఊరికొచ్చి చూడమని పట్టుబట్టింది.

సారు వచ్చాడు. మొదటి జత దాసప్ప, కుళ్లాయప్ప. మీరు నిజంగా అన్నదమ్ములేనా అని అడిగితే, ఇంత చదివినాయనకు ఇదేం ప్రశ్న అన్నట్టు చూశారు. చాముండేశ్వరికి ఏదో తట్టి, వాళ్ల అమ్మల పేర్లు అడిగింది.

"మాయమ్మ హనుమంతమ్మ," అన్నాడు దాసప్ప.

"మాయమ్మ లక్ష్మీదేవి," అన్నాడు కుళ్లాయప్ప. "వాళ్ల నాయన నాకు పెదనాయన. అన్నదమ్ములం గాక ఇంకేమైతాం?"

ఫారంలో 'అన్నదమ్ములేనా?' అనే ఉంది. ఆమె అదే అడిగింది, వాళ్లు నిజమే చెప్పారు. సారు ఇంకా సణుగుతూ, ఆ మాత్రం ఆమెకైనా తెలియాలి కదా అన్నాడు.

"మీకు అన్నదమ్ములు ఎంతమంది ఉండారు సార్?" అంది చాముండేశ్వరి.

"ఇద్దరు తమ్ముళ్లు. ఒకడు ధర్మవరం, ఒకడు పెనుకొండ."

"ఇద్దరూ మీయమ్మ కడుపున పుట్టినోళ్లేనా?"

అప్పుడు గానీ సారుకు తట్టలేదు. పెనుకొండ తమ్ముడు ఆయన చిన్నాయన కొడుకు. అందరికంటే ముందు నవ్వింది ఆయనే, అది ఒప్పుకోవాలి. ఊరంతా నవ్వింది, నేను కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాను.

ఆ పద్దెనిమిది జతలను పక్కన పెట్టారు, ఆమెను కాదు. ఇప్పుడు ఫారంలో 'ఒక కడుపున పుట్టినోళ్లేనా?' అని ఆమె మాటే అచ్చయింది. కొత్త ఫారం మొదట నింపింది గిరిధర్ సారే. పెనుకొండ తమ్ముడి పేరు రాశాడు గానీ, 'కాదు' దగ్గర టిక్కు పెట్టడానికి ఆయనకు చెయ్యి రాలేదట. ఇది లెక్కకే సార్ అని చెప్పి, పెన్ను తీసుకుని చాముండేశ్వరే పెట్టింది.