వంకర అంచు మామిడి బల్ల

ఆ రోజుల్లో నాకు చెట్టు చెట్టులా కనిపించేది కాదు, బల్లలా కనిపించేది. మణుగూరు నుంచి భద్రాచలం పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే, అందరూ అడవిని చూసేవాళ్ళు; నేను మాత్రం బెంచీలూ, పుస్తకాల అరలూ, కాళ్ళు చాపుకునే పీటలూ వరసగా వెనక్కి పరుగెత్తడం చూసేదాన్ని. (ఫారెస్టు వాళ్ళకు నా కలలు తెలిసి ఉంటే అప్పుడే కేసు పెట్టేవాళ్ళు.) డిగ్రీ అయిపోయింది, వయసు ఇరవై రెండు, ఫోనులో వీడియోలు చూడడమే ఉద్యోగం. ఆ వీడియోల్లో ఎక్కడివాళ్ళో పెద్ద గడ్డాలవాళ్ళు చెట్టు మొద్దును నిలువునా మందపాటి పలకగా కోసి, పక్కల బెరడు మాత్రం ఒలిచి, చెట్టు పెరిగినప్పటి వంపును అట్లాగే ఉంచి బల్లలు చేసేవాళ్ళు. ఆ వంపు చూసినప్పుడల్లా నాకు పర్ణశాల దగ్గర గోదావరి ఒడ్డు గుర్తొచ్చేది. ఎవరూ గీత కొట్టి కోయని ఒడ్డు. అలాంటి బల్ల ఒకటి నా చేతులతో చేస్తే చాలు, జన్మ ధన్యం అనుకుంటూ మధ్యాహ్నాలన్నీ గడిపేదాన్ని.

మా నాన్న బొగ్గుబాయిలో టింబర్‌మన్. అంటే భూమి లోపల తవ్వుకుంటూ పోతున్నప్పుడు పైకప్పు కూలకుండా కర్ర దిమ్మెలు నిలబెట్టే మనిషి. కప్పు కూలే ముందు దిమ్మె కిర్రుమంటుందట. ఆ చప్పుడు విని బయటికి ఉరికినవాడే ఇంటికొచ్చి అన్నం తింటాడట. అలాంటి మనిషికి నేను ఫోనులో వంకర అంచు బల్ల చూపించాను. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని చూశాడు, తీసి తుడిచి మళ్ళీ చూశాడు.

"ఏందే ఇది? సగం పని చేసి బువ్వ తినబోయిండా వీడు?"

"అది గట్లనే ఉండాలె నాయినా. చెట్టు ఎట్ల పెరిగిందో గట్ల."

"వంకర కర్ర కప్పును మోయదు బిడ్డా."

"ఇది కప్పును మోసేది కాదు నాయినా, కంచాలను మోసేది."

మా నాన్నకు నా మీద కోపం లేదు, భయం. ఖమ్మంలో కోచింగ్‌లో చేరి సర్కారు పరీక్షలు రాయాలని ఆయన కోరిక. వడ్లపని, అంటే వడ్రంగం నేర్చుకుంటాను, షెడ్డు వేసుకుంటాను అని నేను మొండికేశాను. నెల రోజులు ఇంట్లో ఎవరి కంచంలో వాళ్ళు మౌనంగా తిన్నాక ఒప్పందం కుదిరింది. ఏప్రిల్ నెలాఖరులో నాన్న రిటైర్మెంటు. క్వార్టర్ ముందు షామియానా వేసి, తోటివాళ్ళంతా వచ్చి సన్మానం చేస్తారు. ఆ సన్మానానికి బల్ల నేనే చేయాలి. "నలుగురు చూసి మంచిగుందన్నరనుకో, నీ ఇష్టం. నవ్విన్రనుకో, తెల్లారి ఖమ్మం బస్సెక్కాలె" అన్నాడు. నేను ఎగిరి గంతేశాను. నవ్వడమో మెచ్చుకోవడమో తప్ప జనం ఇంకేం చేస్తారని అప్పుడు మా ఇద్దరికీ తోచలేదు.

చెట్టు దేవుడిచ్చినట్టే దొరికింది. పినపాక దగ్గర మా పెద్దమ్మ మిర్చిచేను గట్టు మీద నాటు మామిడి ఒకటి ఆ వానాకాలం గాలిదుమారానికి కూలింది. సొంత పట్టా చేనులో మామిడి కాబట్టి ఎవరూ అడ్డు చెప్పలేదు. సంక్రాంతి వెళ్ళాక కోతమిల్లుకు పట్టించి, మూడంగుళాల మందాన, ఆరడుగుల పొడవున ఒక పలక కోయించాను. నాకు పని నేర్పడానికి ఒప్పుకున్నది పెద్దమ్మ ఊరి వడ్ల తాత. ఆ చుట్టుపక్కల తలుపులూ, మంచాలూ, నాగళ్ళూ సగం ఆయన చేతివే. ఆయన పలక చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, చెవి మీద పెట్టుకున్న పెన్సిల్ తీసి, "గీత కొట్టి రెండు పక్కల కోసేద్దాం బిడ్డా, పది నిమిషాల పని" అన్నాడు. ఆ పెన్సిల్ లాక్కోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. "వంకరంచు ఉంచిన బల్ల నేను జేసిన్నంటే నా ఇంటికి ఇంకెవరన్న పనికొస్తరా?" అని ఆయన బాధ. చివరికి "ఈ పాపం నాది కాదు, పిల్లది" అని ఊళ్ళో ముందే చెప్పుకోవచ్చన్న షరతు మీద ఒప్పుకున్నాడు. ఇంకొక మాట కూడా చెప్పాడు. "పచ్చికర్ర ఇది. అంగుళానికి ఏడాది లెక్క, నీడల, గాలి తగిలేటట్టు ఆరాలె. ఎండల పెట్టినవో, పగుల్తది." అంటే మూడేళ్ళు. నాన్న రిటైర్మెంటు మూడు నెలల్లో ఉంది.

తాత మోకాలి నొప్పికని పర్ణశాలలో ఉన్న కూతురి దగ్గరికి పోయి, రెండు నెలలు రాలేదు. నా తెలివి విజృంభించింది అప్పుడే. పెద్దమ్మ కల్లంలో మిర్చి ఆరుతోంది. కంటికి ఆనినంత మేర ఎరుపు, పైన నీలి ఆకాశం, అంచున అడవి. ఆ కల్లం గట్టు మీద కూర్చుని పగటి కలలు కంటుంటే ఒక ఆలోచన మెరిసింది. ఎండ నేరుగా తగలకూడదు, వేడి మాత్రం కావాలి. మిరపకాయలు ఎట్లాగూ ఆరుతున్నాయి. వాటి కిందే పలకను పెడితే అదీ ఆరుతుంది కదా! (ఇంత గొప్ప విషయం అన్నన్ని వీడియోలు చేసిన గడ్డాలవాళ్ళకు తట్టలేదని వాళ్ళ మీద జాలి కూడా పడ్డాను.) పలకను కల్లం మధ్య పడుకోబెట్టి, మీద మిర్చి పరిచాం. సాయంత్రాలు కాయను కుప్ప చేసి టార్పాలిన్ పట్టా కప్పినప్పుడు, కుప్ప అడుగున నా పలక వెచ్చగా నిద్రపోయేది. ఒక కోత కాయ ఎత్తితే ఇంకో కోత కాయ పరిచేవాళ్ళం. "నీ కట్టెకు సలి పెడ్తుందా ఏందే, గంత దుప్పటి గప్పినవ్?" అని పెద్దమ్మ నవ్వేది. ఘాటు వాసన మాట అడుగుతారేమో, ఆ కాలంలో మా పెద్దమ్మ ఊళ్ళో పాయసం కూడా మిర్చి వాసనే వేస్తుంది. ఎవరికీ తేడా తెలియలేదు.

తాత తిరిగొచ్చి, పలకను వేలితో కొట్టి చెవి పెట్టి విని, "మంచిగనే ఆరిందే!" అని ఆశ్చర్యపోయాడు. ఎక్కడ ఆరబెట్టావని అడగలేదు; నేనూ నా రహస్య విద్య బయటపెట్టలేదు. పైభాగం ఇద్దరం రందా పట్టి నున్నగా చేసి, కింద కాళ్ళు బిగించాం. నేను వీడియోల్లో చెప్పినట్టు ముక్కుకు మాస్కు, కళ్ళకు అద్దాలు, చేతులకు గ్లౌజులు వేసుకునేదాన్ని. తాత గడప అవతల చుట్ట తాగుతూ "దవాఖానాల డాక్టరమ్మ లెక్కున్నవ్" అనేవాడు. అంచు మాత్రం నేను ముట్టనివ్వలేదు. అందులోని గీతలు, గుంటలు, చీలికలు అన్నీ చెట్టు సొంత ఆస్తి అన్నాను. ఇక పాలిష్ దగ్గర మళ్ళీ గొడవ. లక్క వేద్దామని తాత, కర్రకు నూనె తాగిస్తే ప్రాణం వస్తుందని నేను. నా మాటే నెగ్గింది. నూనె గోరువెచ్చగా చేసి, ఆ అంచు గుంటల్లో గుడ్డతో మూడుసార్లు తాగించాను. ఎర్రటి నిగారింపు వచ్చింది. మామిడికి ఇంత రంగుందా అని మురిసిపోయి, ఆ అంచు పక్కన కూర్చుని చాలాసేపు గోదావరి ఒడ్డున కూర్చున్నట్టే కూర్చున్నాను.

సన్మానం రోజు పొద్దున్నే బల్ల ట్రాలీలో మా క్వార్టర్‌కు వచ్చింది. ఆ పొద్దున నాన్న రెండుసార్లు మొహం కడుక్కున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. రేపటి నుంచి డ్యూటీ లేదన్న బాధ అనుకుని అమ్మా నేనూ ఏమీ అడగలేదు. అమ్మ బల్ల వంకర కప్పిపుచ్చడానికి పూల దుప్పటి తెచ్చింది. "గుడ్డ వద్దు, గట్లనే ఉండనీ" అన్నాడు నాన్న. నలుగురికీ కనబడాలి కదా, ఒప్పందం ఒప్పందమే అనుకుని దుప్పటి మడత పెట్టేశాను.

సాయంత్రం నాలుగింటికి కూడా ఎండ మండిపోతోంది. ఒక్కొక్కరూ బల్ల వెనక నిలబడి నాన్న గురించి రెండు మాటలు చెప్పాలి. ముందుగా మీసాల సార్ వచ్చాడు. బాయిలో అందరినీ వణికించే అధికారి. ఆయన నవ్వగా చూసినవాళ్ళు లేరు, ఏడవగా చూస్తామని అనుకున్నవాళ్ళు అసలే లేరు. నేను షామియానా గుంజ పట్టుకుని నిలబడ్డాను. ఆయన బల్ల వైపు చూశాడు. నవ్వుతాడా? నవ్వలేదు. అందరూ చేసే పనే చేశాడు: ఆ వంపు వెంబడి అరచేత్తో మెల్లగా నిమిరాడు. (ఆ అంచు గొప్పతనమే అది, చూసినవాళ్ళ చెయ్యి ఊరికే ఉండదు.) "ఈ మనిషి... నా డ్యూటీలో..." అంటూ మొదలుపెట్టి, అదే చేత్తో నుదుటి చెమటా, కళ్ళూ తుడుచుకున్నాడు. ఒక్క క్షణం ఆగాడు. కళ్ళు చింతనిప్పులయ్యాయి. తర్వాత ధారలు. "సారీ... మాట్లాడలేను" అని జేబురుమాలు మొహానికి అడ్డం పెట్టుకుని పక్కకు తప్పుకున్నాడు. "సారే ఏడ్చిండంటే..." అని ఎవరో గుసగుసలాడారు.

తర్వాత ఎదురింటి పెద్దాయన. నల్లా నీళ్ళ దగ్గర గొడవపడి పదేళ్ళుగా నాన్నతో మాటల్లేవు. ఆయన బల్ల మీదికి వంగి, అంచును రెండు చేతులా పట్టుకుని, "కొట్లాడుకున్నం గానీ..." అన్నాడు. చెమట తుడుచుకున్నాడు. అంతే, బావురుమన్నాడు. ఆయన్ని ఓదార్చడానికి వచ్చిన ఇద్దరు బల్లకు ఆనుకున్నారు. వాళ్ళూ కళ్ళు ఒత్తుకున్నారు. మగవాళ్ళే ఇట్లా ఏడుస్తుంటే చూసి ఆడవాళ్ళు బల్ల ముట్టకుండానే కొంగులు తీశారు. మా అమ్మ మాత్రం ఎందుకో బల్ల దగ్గరికి పోయి, అంచు మీద వేలు రాసి, నాలిక చివర పెట్టుకుని, నా వైపు చూసింది. ఆ చూపు ఇప్పటికీ మరిచిపోలేదు.

వడ్ల తాత నా పక్కకు జరిగి, ముందుకే చూస్తూ అడిగాడు. "బిడ్డా, కట్టెను యాడ ఆరబెట్టినవ్?"

"కల్లంల తాతా... మిర్చి కింద."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. "మీదికెల్లి గోరువెచ్చని నూనె. అది పాలిష్ కాదు బిడ్డా, తాలింపు."

నాకు భూమిలోకి పోవాలనిపించింది. ఎవరికైనా చెప్పి ఆపాలా? చెబితే నాన్న సన్మానం నవ్వులపాలు. చెప్పకపోతే ఇంకో పది మంది వరసలో ఉన్నారు. చివరికి నేను చేసిన ఘనకార్యం ఏమిటంటే, ఒక బకెట్ నీళ్ళూ చెంబూ తెచ్చి పక్కన పెట్టడం. నాన్న చివర్న లేచి, చేతులు వెనక్కి కట్టుకుని మాట్లాడాడు. "ముప్పై ఏండ్లల మీరు నన్ను గింత ప్రేమిస్తున్నరని నాకు తెల్వదు" అన్నాడు. మళ్ళీ అందరూ ఏడ్చారు.

మజ్జిగ పంచుతూ నేను మంచినీళ్ళ కుండల దాకా వెళ్ళాను. అక్కడ జోడీ బాబాయి ఒక్కడే కూర్చుని ఉన్నాడు. బాయిలో నాన్నతో జంటగా దిమ్మెలు పెట్టిన మనిషి, మాట పొదుపు. ఆయన కూడా తువ్వాలుతో కళ్ళు తుడుచుకుంటున్నాడు. నా ప్రాణం పోయింది. "బాబాయ్, బల్ల ముట్టుకున్నవా? నీళ్ళు తెస్త, కడుక్కో."

"నేనెందుకు ముట్టుకుంట బిడ్డా? వచ్చినకాడికెల్లి ఈడనే ఉన్న" అన్నాడు. తువ్వాలు భుజాన వేసుకుని, "బాయిల కప్పు కూలిన దినం దిమ్మె సప్పుడు నాకు ఇనబడలే. మీ నాయినకు ఇనబడ్డది. నన్ను రెక్కవట్టి గుంజిండు" అన్నాడు. మజ్జిగ గ్లాసు అట్లాగే పట్టుకుని నేను ఆయన పక్కనే కూర్చుండిపోయాను.

మరునాడు ఖమ్మం బస్సు వచ్చింది, పోయింది. నాన్న గడపలో కూర్చుని చూసి, "నవ్వలేదు గద ఎవరు" అని మాత్రం అన్నాడు. ఆ వారమంతా ఆ అంచును కుంకుడురసంతో, సబ్బుతో, మజ్జిగతో కడుగుతూనే ఉన్నాను.

ఇదంతా జరిగి పన్నెండేళ్ళు. ఇప్పుడు నాకు షెడ్డు ఉంది. అందులో పలకలు నీడలో, గాలిలో, అంగుళానికి ఏడాది చొప్పున ఓపిగ్గా ఆరుతున్నాయి. తాత లేడు, ఆయన పెన్సిల్ ఉంది. నాన్న రోజూ వచ్చి పలకలను వేలితో కొట్టి వింటాడు. ఎవరొచ్చినా తన రిటైర్మెంటు కథ చెప్తాడు, "మీసాల సారే ఏడ్చిండు" అంటాడు. అది విన్నప్పుడల్లా నాలో ఏదో గుచ్చుకునేది. మొన్నొక మధ్యాహ్నం ఇంట్లో ఆ బల్ల దగ్గరే ఇద్దరం టీ తాగుతుంటే ఇక ఉండబట్టలేక చెప్పేశాను. కల్లం, మిర్చి, నూనె, అన్నీ.

నాన్న టీ ఊదుకుంటూ, "తెలుసు" అన్నాడు. "ఆ పొద్దుగాల ట్రాలీ దిగంగనే ముందు నేనే నిమిరిన. కండ్లు పోయినయనుకున్న."

"మరి చెప్పలేదేంది నాయినా? గుడ్డ కూడ వద్దన్నవ్ గద!"

"వంకర బల్ల జూసి వాళ్ళు నవ్వుతరని నాకు ఒకటే భయం బిడ్డా. నవ్వితే నిన్ను ఖమ్మం పంపాలె, మాటిచ్చిన. ఏడ్సేటోడు నవ్వడు గద అనుకున్న."

అంత పెద్ద మోసం నేనొక్కదాన్నే చేశాననుకుని పన్నెండేళ్ళు మోశానే, పిచ్చిదాన్ని! "అందరివీ మిర్చి కన్నీళ్ళు కాదు నాయినా" అన్నాను. "జోడీ బాబాయి బల్ల దగ్గరికే రాలే. కుండల కాడ కూసొని ఏడ్చిండు. నువ్వు రెక్కవట్టి గుంజినవని చెప్పిండు."

ఈ సంగతి ఆయనకు తెలియదు. ఆయన చెయ్యి ఆ అంచు వంపు వెంబడి మెల్లగా పోయి వచ్చింది, పోయి వచ్చింది. తర్వాత అదే చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

"ఇంక ఘాటు పోలేదే దీనికి" అన్నాడు.

ఆ అంచును ఎన్నిసార్లు కడిగానో నాకు తెలుసు. మా ఇంటి పసిపిల్లలు దాన్ని పట్టుకునే నడక నేర్చుకున్నారు.

"అవ్ నాయినా, ఇంక పోలే" అన్నాను.