పాలు ఆమె ఖాతా, పొడి నా ఖాతా

మా ఇంటి ఓనరు దేవరాజులు మామకు ఏ వస్తువు కనబడినా ముందు నోట్లోంచి ఊడిపడే మాట ఒక్కటే: "ఇది ఎవురి ఖాతా?" అది టెంకాయ కావచ్చు, చీపురు కావచ్చు, గుమ్మంలో నిలబడ్డ చుట్టం కావచ్చు. ఖాతా తేలందే ఆయనకు ముద్ద దిగదు.

మామ తిరుపతిలో సిమెంటు దుకాణంలో గుమాస్తా. ఆయన భార్య నాగరత్నమ్మత్త ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. ముహూర్తాల కాలంలో ఆమె సంపాదనే ఎక్కువ. ఇద్దరికీ వేర్వేరు బ్యాంకు ఖాతాలు. ఇంట్లో ప్రతి ఖర్చూ ఎవరో ఒకరి పేరున ఉండి తీరాలి. మేడ మీద గదిలో నేను అద్దెకు దిగిన రోజే ఈ సంగతి తెలిసొచ్చింది.

"బాడుగ సగం నా ఫోనుకు కొట్టు, సగం మీ అత్త ఫోనుకు కొట్టు."

"ఇల్లు ఒకటే కదా మామా?"

"ఇల్లు ఒకటే. గోడలు నేను కట్టించినా, పైకప్పు ఆమె ఏయించింది. నువ్వు రెండిట్లోనూ ఉంటావు కదప్పా?"

ఆ నెల నుంచే బాడుగ రెండు ముక్కలు చేసి కొట్టాను.

కాఫీ దగ్గరా అదే తంతు. "పాలు ఆమె ఖాతా, పొడి నా ఖాతా. చిక్కగా కావాలంటే ఆమెను అడుగు, చేదుగా కావాలంటే నన్నడుగు" అన్నాడు. మరి చక్కెర ఎవరిది అంటే, అటూ ఇటూ చూసి, "అది ఇంకా తేల్లేదప్పా" అని గొంతు తగ్గించాడు. తేలేదాకా నేను చప్పటి కాఫీయే తాగాను.

ఒకసారి పిల్లి పాలగిన్నెలో మూతి పెట్టింది. అత్త గరిటె ఎత్తింది. మామ అడ్డం పడ్డాడు.

"దాన్ని కొట్టొద్దు. నా బియ్యం మూటకాడ ఎలకల్ని పట్టేది అదే. అది నా ఖాతా."

"నీ ఖాతా అయితే నా పాలెందుకు తాగాలయ్యా?"

న్యాయమే కదా! మర్నాటి నుంచి మామ పిల్లి పేరున పాలు వేరే పోయించుకున్నాడు.

ఇంతవరకూ నవ్వులాటే. వాళ్ళిద్దరూ చిత్తూరులో ఒక పెళ్ళికి పోయినప్పుడు వ్యవహారం శ్రుతి మించి రాగాన పడింది. మా వైపు పెళ్ళిళ్ళలో చదివింపుల కవరు ఇస్తే ఇచ్చినవాళ్ళ పేరు మైకులో చదువుతారు. ఇంటికి ఒక కవరు, దాని మీద మగవాడి పేరు. అది వాడుక. మామ రెండు కవర్లిచ్చాడు. మైకు అతను "తిరుపతి దేవరాజులు గారు" అని చదివి, రెండో కవరు చూసి ఒక్క క్షణం తడబడి, "ఆయన భార్య నాగరత్నమ్మ గారు, విడిగా" అన్నాడు.

ఆ "విడిగా" చేసిన పని అంతా ఇంతా కాదు. వాళ్ళు ఇల్లు చేరేలోపే పలమనేరు నుంచి అత్త చెల్లెలు మోహన ఏడుస్తూ ఫోను చేసింది: "అక్కా, నువ్వూ బావా విడిపోయినారంట కదా!"

అత్త మొహం మాడిపోయింది. "వచ్చే నెల మోహన కూతురి పెండ్లి. పెండ్లికూతురికి పెద్దమ్మను నేను. ఈ మాట నెత్తిన పెట్టుకోని ఆ పందిట్లోకి ఎట్లా పోయేది? ఒకే కవరు ఇస్తానంటే వస్తా. లేకుంటే నువ్వొక్కడివే పో."

మామ సరేనని తల ఊపాడు. ఆ సాయంత్రం మెట్ల మీద దిగాలుగా కూర్చున్నాడు. కాఫీ కూడా తాగలేదు.

"ఒక్క కవరుకు ఇంత దిగులెందుకు మామా?" అన్నాను.

"నీకు తెలీదప్పా. మా పెండ్లయిన కొత్తలో జాకెట్ల డబ్బంతా నా ఖాతాలోనే ఏస్తా ఉంటిమి. ఒకనాడు వాళ్ళమ్మకు చీర కొనాలని వచ్చి నా ముందర చెయ్యి చాపింది. కష్టం ఆమెది, డబ్బు ఆమెది, అడిగేది నన్ను! నాకు సిగ్గయిపోయింది. పిలుచుకోని పోయి ఆమె పేరున ఖాతా తెరిపించినా. అయినా ఏది కొన్నా భయపడతానే ఉండె. ఇది ఎవురి ఖాతా అని నేను రోజూ అరిసేది ఎందుకనుకున్నావు? 'నాది' అని ఆమె నోటితో చెప్పాలని."

ఆ మనిషి మీద చెప్పలేనంత ప్రేమ పుట్టుకొచ్చింది.

పలమనేరు పెళ్ళికి నన్నూ రమ్మన్నారు. బస్సు చార్జీ మాత్రం నా ఖాతా. అత్త కళ్ళెదుటే మామ ఒకే ఒక్క కవరు ఇచ్చాడు. అత్త హమ్మయ్య అనుకుంది. అంతలో మైకు మోగింది: "పెండ్లికూతురి పెద్దమ్మ, తిరుపతి నాగరత్నమ్మ గారు!"

అంతే. మామ పేరు లేదు.

అత్త గిరుక్కున తిరిగింది. "నీ పేరేదయ్యా?"

"ఒకే కవరు అన్నావు. ఎవురి పేరు రాయాలో చెప్పలేదు కదా."

వెనక వరసలో ఒక ముసలాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని అరిచాడు: "యా నాగరత్నమ్మ? ఎవురి పెండ్లాం?"

మామ లేచాడు. చొక్కా సర్దుకున్నాడు. మైకు అక్కర్లేనంత గట్టిగా అన్నాడు: "ఆమె ఎవురి పెండ్లామో కాదు పెద్దాయనా, నేను ఆమె మొగుణ్ణి!"

పందిరంతా గొల్లున నవ్వింది. విడిపోయారన్న మాట ఆ నవ్వుల్లో ఎటు కొట్టుకుపోయిందో! అత్త పైటచెంగు అడ్డం పెట్టుకుని నవ్వుతూ, బంతిలో మామ పక్కకే కుర్చీ లాక్కుని కూర్చుంది.

ఇప్పుడు పలమనేరులో మామను పేరుతో పిలిచేవాళ్ళు లేరు. "నాగరత్నమ్మ మొగుడొచ్చినాడు, ఆకెయ్యండి" అంటారు. ఆ మాట రెండోసారి కూడా వినబడాలని, మామ గుమ్మంలోనే కాసేపు నిలబడతాడు.