ఖాసిం మాస్టరు పెట్టే పలక

ముందే క్షమించమని అడుగుతున్నాను. ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి. సంతకం తప్ప ఎప్పుడూ ఏమీ రాయలేదు. ఖాసిం మాస్టరు ఫొటో పక్కన అంటించడానికి నాలుగు మాటలు రాయమని జిమ్ములోవాళ్లు నన్నే అడిగారు. ఆయన దగ్గర అందరికంటే ఎక్కువ తిట్లు తిన్నది నేనే గదా అన్నారు.

శుక్రవారం పొద్దున్నే మాస్టరు గుండె ఆగి చనిపోయారని ఫోను వచ్చింది. అప్పుడు నేను పలకల ఫ్యాక్టరీ దగ్గర లారీ నుంచి రాయి దించుతున్నాను. 

మాస్టరు నిటారుగా నిలబడలేకపోయేవారు. వయసులో ఉండగా పందెం కాసి ఎత్తిన బరువుకు నడుము పోయింది. కర్ర పట్టుకుని నడుస్తూనే మాకు బరువులు ఎత్తడం నేర్పారు. కొత్తగా ఎవరొచ్చినా ఖాళీ రాడ్డు చేతికిచ్చి వంగమనేవారు. వీపు బల్లలాగా ఉండాలి. నడుము మీద చిన్నపిల్లల పలక ఒకటి పెట్టేవారు. నడుము గుండ్రంగా అయిందంటే పలక జారి పడుతుంది. పడితే ఆ రోజు బరువు ముట్టనిచ్చేవారు కాదు.

మొదటి రోజు నా పలక మూడు ముక్కలైంది.

"ఏంది కాశయ్యా, నడుం కాడ వంగుతావు? తొంటి కాడ మడువు. ఊపిరి పీల్చి పొట్ట బిగబట్టు."

"దినామూ రాళ్లు మోసేటోణ్ణి మాస్టరూ, నాకు వంగేది నేర్పిస్తారా?"

"మోసేటోడివి గాబట్టే చెప్తాండా. రాయి ఊరుకుంటది, నడుం ఊరుకోదు."

నాతో లోడింగు చేసే సుబ్బరాయుడు పక్కనే ఉండి, "బళ్లో వదిలేసిన పలక నిన్ను ఎతుక్కుంటా వచ్చింది మామా" అన్నాడు. అందరూ నవ్వారు. మాస్టరు నవ్వలేదు.

ఆయన తరచూ ఒక మాట అనేవారు. "నా నడుం ఒక్కనాడు పోలా. మూడుసార్లు చెప్పింది. మొదట పొద్దున్నే పట్టేసింది. తర్వాత కాల్లోకి లాగింది. మూడోసారి కూర్చోనీలా. అప్పుడన్నా ఆగాల్సింది. పందేనికి పోయినా."

ఆయన పోవడానికి రెండు రోజుల ముందు, బుధవారం, నా పలక జారింది. ఎన్నో ఏళ్ల తర్వాత.

"కాల్లోకి లాగుతాందా?"

"లేదు మాస్టరూ" అన్నాను.

లాగుతోంది. చెబితే రాళ్లు ముట్టొద్దంటారు. రాళ్లు ముట్టకపోతే నాకు వేరే పని రాదు. ఆయన నా ఎడమకాలి వైపు చూసి, "సరే, రేపు రా, మళ్లీ పెడతా" అన్నారు. నేను పోలేదు.

ఇప్పుడు ఆ పలక మేకుకు వేలాడుతోంది. జిమ్ములో బెల్టు బిగించుకుని, నడుము విల్లులా వంచి ఎత్తుతున్నారు. ఆపేవారు లేరు. నిన్న సుబ్బరాయుణ్ణి పలక నా నడుము మీద పెట్టమన్నాను. రెండుసార్లూ జారింది. "పెట్టేది నాకు చాతగాదులే మామా" అన్నాడు. వాడు సరిగ్గానే పెట్టాడు.

అట్లాంటి మనిషి ఇక మనకు దొరకరు. చివరిసారి ఆయనకు అబద్ధం చెప్పినవాణ్ణి, దండం పెట్టుకుంటున్నాను. రేపు త్రిపురాంతకం వైపు నుంచి రెండు లారీల రాయి వస్తుందట. తెల్లారేసరికి రమ్మన్నారు.

తప్పులుంటే మన్నించండి. వంకర గీతలకు నా చదువొక్కటే కారణం కాదు. కాగితం గోడకు ఆనించి, ఇదంతా నిలబడి రాశాను.