పక్షులు రాని అంచు

కార్తీక మాసం, రెండో సోమవారం. ఎమ్మిగనూరు, మా చెల్లెలి ఇల్లు, మగ్గం గది. హాజరైనవారు: మా బావ, మా చెల్లెలు, నేను. ఆదోని నుంచి నాతో వచ్చినవి: ల్యాప్‌టాప్, దాని వైరు, వీడియోగేమ్ క్యాసెట్టు చదివే చిన్న పెట్టె. పని చేయనిది: చేతి వీడియోగేమ్ ఒకటి.

నా డైరీలో ఆ రోజు పేజీ ఇట్లా మొదలవుతుంది. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో డ్యూటీ ఎక్కగానే ఎవరెవరు ఉన్నారో, ఏ లైను చచ్చిందో ముందు రాసుకొని, ఆ తరువాతే స్క్రూడ్రైవరు పట్టుకునేవాళ్లం. ఉద్యోగం అయిపోయినా ఆ అలవాటు పోలేదు.

ఆ వీడియోగేమ్ సంగతి ముందు చెప్పాలి. మా మేనల్లుడు, బావ కొడుకు, బళ్లారిలో లారీ నడుపుతాడు. చాలా ఏళ్ల కిందట అక్కడి పాత సామాన్ల సంతలో తన బిడ్డ కోసం దాన్ని కొన్నాడు. అరచేతిలో పట్టేంత ఉంటుంది. దాంతోపాటు వచ్చిన క్యాసెట్టు ఒక్కటే, అందులో ఆటేమీ లేదు. బొమ్మలు గీసుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. బిడ్డ రెండు రోజులు ఏడ్చి పారేసింది. బావ తీసుకున్నాడు.

ఆయన మగ్గం నేసేవాడు. చీర అంచుకు డిజైను వేయాలంటే గళ్ల కాగితం మీద ఒక్కొక్క గడీ నింపుకుంటూ పోవాలి. ఒక గడి అంటే ఒక దారం పైకి లేవడం. ఆ కాగితం చూసుకొని అట్టలకు తూట్లు కొడతారు. ఆ అట్టలను వరసగా కుట్టి మగ్గం మీద వేలాడదీస్తే, ఏ దారం లేవాలో ఆ తూట్లే మగ్గానికి చెబుతాయి. బావకు కంటిచూపు తగ్గుతున్న కొద్దీ కాగితం మీది గళ్లు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయినాయి. ఈ చిన్న తెర మాత్రం వెలుగుతుంది, గళ్లను పెద్దవి చేసి చూపిస్తుంది. పైగా ఒక బొమ్మను ఒకసారి గీస్తే ముద్ర మాదిరి ఎన్ని చోట్లయినా వేసుకోవచ్చు. ఎవరైనా వచ్చి, "ఏమప్పా, ముసలితనంలో ఆటలాడుతాండావా?" అని ఎగతాళి చేస్తే ఆయనకు కోపం వచ్చేది. "ఆటబొమ్మ కాదప్పా ఇది. నా పనిముట్టు. నాడె ఎట్లనో ఇదీ అట్లనే" అనేవాడు. నాడె అంటే మగ్గంలో పోగును అటూ ఇటూ మోసుకుపోయేది.

వాళ్ల అమ్మ పెళ్లిచీర అంచును ఆయన అందులోనే ఎక్కించుకున్నాడు. ఆ చీర నేసింది వాళ్ల నాయన. గోపురాల అంచు, రెండు గోపురాల నడుమ ఒక పక్షి. చీర చివికిపోయి మడత విప్పితే పొడి రాలే దశకు వచ్చింది. భూతద్దం పెట్టి దారం వెంట దారం లెక్క చూసి, ఒక ఎండాకాలమంతా కూర్చొని గీశాడు. తరువాత అమ్మ పోయినప్పుడు ఆ చీరనే కప్పి సాగనంపారు. ఇక ఆ అంచు ఈ భూమ్మీద మిగిలింది ఆ క్యాసెట్టులోనే.

కిందటేడు కంటి డాక్టరు ఒక కన్ను పోయినట్టేనని చెప్పాడు. రెండోది కూడా అదే దారిలో ఉందని, ఎంత కాలం నిలుస్తుందో చెప్పలేనని అన్నాడు. ఆ మాట విన్నాక బావ మగ్గం మీద కొత్త పనులు ఒప్పుకోవడం మానేశాడు. ఆయన కోరిక ఒక్కటే. కన్ను ఉండగా ఆ అంచు ఒకసారి నేయాలి. దసరా కాగానే అట్టలు కొట్టడం మొదలుపెడతానన్నాడు.

ఆయుధపూజ నాడు మా చెల్లెలు మగ్గం గది అలికి, ముగ్గేసి, పనిముట్లన్నీ పీట మీద పెట్టింది. నాడెలు, కత్తెర, తూట్లు కొట్టే ఉలి, సుత్తి, వాటి పక్కన వీడియోగేమ్. అన్నిటికీ విభూతి పూసి కుంకుమ పెట్టింది. టెంకాయ కొట్టి ఆ నీళ్లు అన్నిటి మీదా పోసింది. ఆ రోజు పనిముట్టు ముట్టకూడదు కనుక ఎవరూ ముట్టలేదు. నీళ్లు లోపలికి దిగి అక్కడే ఉండిపోయాయి.

పండగ మరునాడు బావ మీట నొక్కితే తెర వెలగలేదు. వీధిలో దేవరగట్టు కర్రల సమరం నుంచి తలలకు గుడ్డలు కట్టుకొని తిరిగొస్తున్న కుర్రాళ్లలో ఒకడు ఆయన మొహం చూసి, "ఏమినా, నువ్వూ గట్టుకు పోయింటివా? దెబ్బ యాడ తగిలింది?" అన్నాడట. బావ నవ్వలేదు. ఆ రోజు నుంచి భార్యతో మాట్లాడలేదు కూడా.

నేను దాన్ని ఆదోనికి తెచ్చి విప్పాను. లోపల రాగి గీతలన్నీ పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. స్పిరిటుతో తుడిచాను, ఎండబెట్టాను, అతుకు పెట్టి చూశాను. ప్రాణం లేదు. క్యాసెట్టు లోపలికి మాత్రం తడి అంతగా పోలేదు. అయితే అందులో గీసిన బొమ్మలను నిలబెట్టేది బొత్తామంత బ్యాటరీ ఒకటి. అది కూడా పాతది. అది పోయిన క్షణం బొమ్మలు పోతాయి. బెంగళూరు నుంచి క్యాసెట్టు చదివే పెట్టె తెప్పించి, లోపలున్నదంతా కంప్యూటరులోకి దించి, మూడు చోట్ల దాచాను.

ఇక దాన్ని తెరవాలి. ఒక యంత్రం లేకపోయినా కంప్యూటరును ఆ యంత్రం మాదిరి నడిపించే ప్రోగ్రాములు ఉన్నాయి. ఎమ్యులేటర్ అంటారు. పేరున్నవి తెచ్చి చూశాను. ఈ క్యాసెట్టులోని చిప్పు మామూలుది కాదట, ఒక్కటీ తెరవలేదు. వెతగ్గా వెతగ్గా ఒకటి దొరికింది. ఊరు తెలియని మనుషులు నలుగురైదుగురు తీరిక వేళల్లో రాస్తూ, ఎవరైనా చూడవచ్చు, మార్చుకోవచ్చు అని లోకానికి వదిలిపెట్టినది. ఇది ఇంకా ప్రయోగంలో ఉంది, మీ బొమ్మలు చెడిపోతే మా పూచీ లేదు, ముందుగా నకలు తీసి పెట్టుకోండి అని మొదటి పుటలోనే రాశారు. ఆ మాట నాకు నచ్చింది. చేతకానిది చేతకాదని ముందే చెప్పే మనిషిని నమ్మవచ్చు.

బావ ఫోనులో ఒకటే చెప్పాడు. "నేను లేకుండా నా బొమ్మలు తెరవొద్దు బావా. పోయింటే పోయినాయని నేనే చూడల్ల." అందుకని ఇంట్లో ఖాళీ ఫైలుతోనే పరీక్షించాను. గీత పడుతోంది, గడి నిండుతోంది, మూసి తెరిస్తే ఉంటోంది. ఇక చాలనుకొని సోమవారం పొద్దున ల్యాప్‌టాప్‌ను తువ్వాల్లో చుట్టుకొని ఎమ్మిగనూరు బస్సెక్కాను.

మగ్గం గదిలో బావ గుంతలో కాళ్లు పెట్టుకొని, పని లేని మగ్గం ముందు కూర్చున్నాడు. చెల్లెలు గడప దాటలేదు.

"టీ తాగుతాడేమో అడుగన్నా" అంది నాతో.

"మీ చెల్లెలికి సెప్పు, ఇప్పుడు టీ వద్దు" అన్నాడు ఆయన. ఇద్దరి మధ్య నాలుగు అడుగులు కూడా లేవు.

ల్యాప్‌టాప్‌ను మగ్గం పలక మీద పెట్టి, నకలు ఫైలు తెరిచాను. తెర తెల్లబడింది. కాసేపు ఏమీ లేదు. తరువాత ఎడమ నుంచి ఒక్కొక్క గోపురం లేచింది. కింద మెట్లు, పైన కలశం, పక్కల్లో రంపపు పళ్లు. బావ మొహం తెరకు ఆనేంత దగ్గరగా పెట్టి, ఉన్న కంటితో మెల్లగా ఈ చివరి నుంచి ఆ చివరికి చూశాడు. చెల్లెలు గడప మీద నిలబడి నా మొహం చూస్తోంది. వచ్చిందని తల ఊపాను.

"పక్షులేవి?" అన్నాడు బావ.

గోపురాల నడుమ ఖాళీ. పెద్దది చేసి చూశాను, చిన్నది చేసి చూశాను. మూసి, ఇంకో నకలుతో తెరిచాను. గోపురాలే వచ్చాయి.

"గోపురాలు ఎట్ల గీసినావు, పక్షులు ఎట్ల గీసినావు?" అని అడిగాను.

"గోపురాలు గడీ గడీ నింపినా. పక్షిని ఒకటే గీసి ముద్రలేసుకుంటా పోయినా."

ప్రోగ్రాము రాసినవాళ్ల పుటలో, ఇంకా కుదరని పనుల కింద వెతికితే కనబడింది. ముద్రలు ఇంకా కనిపించవట. నేను ఇంట్లో గీతలు గీసి చూశానే గాని, ముద్ర వేసి చూడలేదు. ఫోనులో ఇంటర్నెట్టు కలుపుకొని, నాకు వచ్చిన ఇంగ్లీషులో వాళ్లకు జరిగింది రాశాను. సాయంత్రానికి జవాబు వచ్చింది. మర్యాదగానే రాశారు. ఆ చిప్పు ముద్రలను ఎట్లా దాస్తుందో తమకు ఇంకా అర్థం కాలేదని, ఎవరి దగ్గరా ఆ క్యాసెట్టు లేదని, నా ఫైలు పంపితే ప్రయత్నిస్తామని, ఎప్పటికి అవుతుందో చెప్పలేమని. పక్షులు ఫైలులో ఉన్నాయా, బ్యాటరీ నీరసించి ముందే చెరిగిపోయాయా అన్నది కూడా అప్పటిదాకా తెలియదని.

నేను ఆ జవాబును తెలుగులో చదివి వినిపించాను. ఎక్కువ చేయలేదు, తక్కువ చేయలేదు.

"ఎన్నాళ్లంట?" అన్నాడు బావ.

"చెప్పలేమంటున్నారు."

"డాక్టరూ అదే మాట, వీళ్లూ అదే మాట."

చెల్లెలు అప్పుడు లోపలికి వచ్చింది. నన్నే చూస్తూ అంది: "గీసింది ఆయప్పే గదనా. ఆ పక్షిని మళ్లా గీయలేడా? ఎండాకాలమంతా దాన్నే చూసుకుంటా కూసున్యాడు, అన్నం కూడా ఆడికే తెచ్చి పెట్టినా."

"మీ చెల్లెలికి సెప్పు బావా. మా నాయన వేసిన పక్షి మెడ యాడ వంగిందో, ఎన్ని దారాలు పోయినంక వంగిందో నాకు గ్యాపకం లేదు. ఇప్పుడు గీస్తే అది నా పక్షి. మా నాయనది కాదు."

"నా మీద కోపముంటే నన్ను తిట్టమను. మధ్యలో నిన్ను ఎందుకు కూసోబెట్టుకుంటాడు?" ఆమె గొంతు పెరిగింది. "నేనేమన్నా కావాలని పోసినానా? వచ్చినోళ్లందరికీ ఇది ఆటబొమ్మ కాదు, నా పనిముట్టు, నాడె ఎట్లనో ఇదీ అట్లనే అని సెప్పింది ఎవరు? నాడెకు పోసినా, దీనికీ పోసినా. ఆటబొమ్మ అనుంటే గూట్లో పెట్టుందును. ఈ పొద్దు బతికుండేది."

ఆమె అన్నది అక్షరాలా నిజం. నిజం అయినందువల్ల ఎవరి బరువూ తగ్గలేదు. ఆమె కొంగు మూతికి అడ్డం పెట్టుకొని వంటింట్లోకి పోయింది. కాసేపటికి అడగకుండానే రెండు గ్లాసుల టీ నా పక్కన పెట్టి పోయింది. ఒకటి బావ వైపు జరిపాను. తాగాడు.

ఫైలు వాళ్లకు పంపనా అని అడిగాను. "పంపు" అన్నాడు. ఆ తరువాత, "మా నాయన అంచు ఎవరెవరో చూస్తారు గదా" అని, మళ్లీ తనే, "చూడనీ. చూస్తేనే గదా పక్షి యాడుందో తెలిసేది" అన్నాడు. పంపాను. చీకటి పడగానే అన్నం తిని పడుకున్నాము.

మరునాడు పొద్దున సుత్తి చప్పుడుకు మెలకువ వచ్చింది. బావ మగ్గం గదిలో కింద కూర్చొని ఉన్నాడు. ముందు అట్టల కట్ట, చేతిలో ఉలి. పక్కన ల్యాప్‌టాప్ మూసే ఉంది.

"తెరువు బావా. నువ్వు గళ్లు సదువు, నేను కొడతా. నా కన్నుతో అయితే కాదు."

"పక్షులు?"

"వాటికోసరం ఆగితే గోపురాలూ పోతాయి."

తెరిచి, బొమ్మను పెద్దది చేసుకొని, ఎడమ చివరి నిలువు వరస నుంచి చదవడం మొదలుపెట్టాను. నిండు, నిండు, ఖాళీ, నిండు. ఒక్కొక్క వరసకు ఒక్కొక్క అట్ట. ఆయన వేలితో తడిమి చోటు చూసుకొని ఉలి పెట్టి కొడుతున్నాడు. మొదటి గోపురం అయింది. తరువాతి వరసలో ఒక్క గడీ నిండలేదు. నేను ఆగాను.

"ఖాళీ అని సెప్పు" అన్నాడు.

"ఖాళీ" అన్నాను. ఆయన ఒక్క దెబ్బ కూడా కొట్టకుండా ఆ అట్టను కట్ట మీద పెట్టాడు. దాని తరువాతిదీ ఖాళీ. దాని తరువాతిదీ. పక్షి ఎంత వెడల్పు ఉంటుందో అన్ని అట్టలూ తూటు లేకుండానే పెట్టాడు. తరువాత రెండో గోపురం మొదలయింది.

చెల్లెలు వచ్చి గడపలో నిలబడింది. తలుపులోంచి పడుతున్న వెలుతురు ఆగిపోయింది.

"అడ్డం నిలబడొద్దు. ఏమీ కనపడల్యా" అన్నాడు బావ.

ఎవరితో అన్నాడో నాకు వెంటనే తెలియలేదు. బావా అని నన్ను పిలవలేదు, ఆమెకు చెప్పమని నాతో అనలేదు. ఆమె పక్కకు తప్పుకొని, లోపలికి వచ్చి ఆయన ఎదురుగా కూర్చుంది. దబ్బనంలోకి దారం ఎక్కించింది. పెళ్లయినప్పటి నుంచి ఆ ఇంట్లో అట్టలు కుట్టడం ఆమె పనే. కొట్టిన అట్టలను ఒకదానికొకటి కుట్టుకుంటూ వచ్చింది. తూటు లేని అట్ట చేతికి రాగానే దాన్ని వెనక్కూ ముందుకూ తిప్పి చూసింది.

"ఇందులో ఏమీ లేదే" అంది.

బావ ఉలి మీద నుంచి కన్ను ఎత్తలేదు. "అది పక్షిది. దాన్నీ వరసలో కుట్టు" అన్నాడు.