నేలమాళిగలో ఆరుగురు

సారంగపాణి మాస్టర్‌కు ఒకటే జబ్బు. తెలిసిన మనిషి ఎదురైతే నమస్తే అనడు, అన్నం తిన్నావా అనడు. "దెబ్బ మానిందా?" అని అడుగుతాడు. మనకు ఏ దెబ్బా తగిలి ఉండదు. తగిలింది కంప్యూటర్ లోపల మన పేరు పెట్టుకుని తిరుగుతున్న మనిషికి.

నన్ను మొదటిసారి మట్టెవాడ బస్టాపులో అడిగాడు. పొద్దున తొమ్మిదిన్నర, బస్సు నిండా జనం. నేను కిటికీ పక్కన నిలబడి ఉన్నాను. ఆయన కింద సైకిలాపి, బస్సు బస్సంతా వినేలా కేక వేశాడు.

"శారదమ్మా, నిన్న నీ మీద మూడు పిశాచాలు వడ్డయి! భుజం ఎట్లున్నది?"

ఒక ముసలమ్మ గబుక్కున లేచి నాకు సీటిచ్చింది. ఇంకొకావిడ తన సంచిలోంచి నిమ్మకాయ తీసి నా చేతిలో పెట్టింది. ఆ తర్వాత నెల రోజులు ఆ బస్సులో నా పక్కన ఎవరూ కూర్చోలేదు. హాయిగానే ఉండేది, కాదనను.

కాశిబుగ్గలో మా చేనేత సంఘానికి సారంగపాణి గ్రాఫు మాస్టర్. జంపఖానాల మీద నెమళ్లు, తామరలు ఎలా రావాలో గళ్ల కాగితం మీద ముందుగా గీసేది ఆయనే. ఒక్కో గడికి రంగు నింపుతాడు. నేసేవాళ్లు ఆ గళ్లు చూసుకుంటూ పోగు పోగు నేస్తారు. ఇరవై ఆరేళ్లుగా అదే పని. నేను అదే సంఘంలో టైపిస్టును.

ఎనభై ఏడులో ఏదో పథకం కింద మా సంఘానికి కంప్యూటర్ వచ్చింది. హైదరాబాదులో మూడు వారాలు శిక్షణ పొందిన పాపానికి దాని ఆలనా పాలనా నా మెడకు చుట్టుకున్నాయి. మా ప్రెసిడెంట్ వెంకట్రాజం దాని మీదే కొబ్బరికాయ కొట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. చెప్పులు బయట విడవాలని, గదిలో అగరుబత్తి వెలగాలని ఆయనే నియమం పెట్టాడు. మొదటి ఆరు నెలలు ఆ మిషన్‌తో మేం చేయించిన పని, దుమ్ము దులిపించుకోవడమే.

దాన్ని బిగించడానికి వచ్చిన ఇంజనీరు పోతూ పోతూ ఒక ఫ్లాపీ ఇచ్చాడు. "పాత ఆట మేడం. ఏడెనిమిదేళ్ల కిందటిది. మా దగ్గర ఇప్పుడెవరూ ఆడరు. వేళ్లకు అలవాటు కావడానికి పనికొస్తుంది" అన్నాడు. నేను రెండు రోజులు ఆడాను. రెండు రోజులూ చచ్చాను. మూడో రోజు సారంగపాణి మాస్టర్ వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నాడు. ఇక లేవలేదు.

ఆ ఆటలో చూడటానికి ఏముందో నాకు అర్థం కాలేదు. నల్ల తెర మీద నాలుగు పచ్చ గీతలు. అవే గోడలు. ఒక కోట కింద పది అంతస్తుల నేలమాళిగ ఉందట. అట్టడుగున ఒక మాంత్రికుడు ఉన్నాడట. మనం ఆరుగురికి పేర్లు పెట్టి లోపలికి పంపాలి. కత్తి పట్టేవాడొకడు, మంత్రం వేసేదొకతె, వైద్యం చేసేదొకతె, ఇలా. భూతం వస్తే బొమ్మ కూడా సరిగా ఉండదు, భూతం వచ్చిందని ఇంగ్లీషులో రాసి ఉంటుంది. మిగతాది మనమే ఊహించుకుని భయపడాలి. మాస్టర్ చక్కగా భయపడేవాడు. ఒక్కోసారి కుర్చీ వెనక్కి జరిగేది.

"ఏం సుఖముంది మాస్టర్ సాబ్ దీంట్ల?" అని అడిగాను ఒకసారి.

"ఇరవై ఆరేండ్ల సంది గళ్లు నింపుతాన శారదమ్మా. గళ్లల్ల నడుసుడు ఇదే మొదలు" అన్నాడు.

నిజమే, ఆ నేలమాళిగలో నడకంతా గడి వెంట గడి. ఒక అడుగు వేయడం, పక్కనున్న గళ్ల కాగితం మీద ఆ గడి నింపుకోవడం. ఒక్కో అంతస్తుకు ఒక్కో కాగితం. మెట్లకు నీలం, గుంతకు ఎరుపు, భూతాలున్న చోట నలుపు. జంపఖానా గ్రాఫులకన్నా ముచ్చటగా గీసేవాడు. సంఘం పెన్సిళ్లు అరిగిపోతున్నాయని నేను మొత్తుకునేదాన్ని.

ఆరుగురికీ మా సంఘం వాళ్ల పేర్లే పెట్టాడు. వెంకట్రాజాన్ని దొంగను చేశాడు. ఆ సంగతి తెలిసి ఆయన ఊగిపోతూ వచ్చాడు.

"ఏందయ్యా, నన్ను దొంగను జేసినవట?"

"ప్రెసిడెంట్ సాబ్, లోపల పెట్టెల తాళాలు తీసుడు దొంగకే వస్తది. నమ్మకమున్న మనిషికే ఇచ్చిన ఆ పని."

ఆయన కాసేపు ఆలోచించాడు. "అట్లయితె సరే. గని బయట ఎవ్వరికి చెప్పకు."

అప్పటికే సంఘంలో నూట నలభై మందికీ తెలుసు.

మాస్టర్ భార్య సరోజనకు అసలు చోటే దొరకలేదు. "ఇరవై రెండేండ్లు సంసారం జేసిన. ఆరుగుర్ల నేను లేనా?" అని నిలదీసిందట. "నిన్ను పాములల్లకు తోలుకపోతనా సరోజనా?" అన్నాడట ఈయన. వారం రోజులు ఆ ఇంట్లో అన్నంలోకి నెయ్యి పడింది. తర్వాత ఎవరో చెప్పారు, నూలు కండెలు చుట్టే బక్కమ్మ ఆటలో ఒక్క మాటతో నిప్పుల వాన కురిపిస్తుందని. నెయ్యి ఆగిపోయింది.

ఒకరోజు సాయంత్రం ఆట మధ్యలో కరెంటు పోయింది. మాస్టర్ సైకిలెక్కి కరెంటు ఆఫీసుకు పరుగుతీశాడు. "జర జల్ది రాండ్రి! నేలమాళిగల ఆరుగురున్నరు. అంత చీకటి. ఒకామె ముసలిది!" పాపం లైన్‌మన్లు ఇద్దరు నిచ్చెన, తాడు, టార్చిలైటు పట్టుకుని రొప్పుతూ వచ్చారు. నేలమాళిగ ఏదంటే మాస్టర్ టేబుల్ మీది పెట్టె చూపించాడు. వాళ్లు పెట్టెను చూశారు, నన్ను చూశారు. నేను గోడను చూశాను.

"మరి ఆ ముసలామె ఎవరు?" అన్నాడొకడు.

వరండాలో కండెలు చుట్టుకుంటున్న బక్కమ్మ చెయ్యెత్తింది. "నేనే బిడ్డా. గింత చాయ తాగిపోండ్రి."

ఈ పరామర్శల పిచ్చి ఎండాకాలం వచ్చేసరికి మరీ ముదిరింది. ఏప్రిల్‌లో ఒకరోజు నేరుగా బక్కమ్మ రాట్నం ముందు గొంతుక్కూర్చున్నాడు.

"అక్కా, మోకాలు మీద తేలు కుట్టింది గద, ఎట్లున్నది?"

"నీ తేలు పాడుగాను! నాకేడ కుట్టింది?" అని కసిరి, బక్కమ్మ మోకాలు తడుముకుంది. "గని పాణీ, మోకాలైతె గుంజుతాంది. నీకెట్ల ఎర్కయింది?"

"లోపల కుంటుతానవక్కా."

ఇక ఆ మోకాలు పురాణం అరగంట సాగింది. మర్నాడు మాస్టర్ సీసాలో ఏదో నూనె తెచ్చి, ఇది రాస్తే లోపల కూడా తగ్గుతుందని చెప్పి ఇచ్చాడు. కండెలు ఆలస్యమయ్యాయి. నేను మనసులో రాసుకున్నాను.

వీళ్లకు తోడు రాజమల్లు తయారయ్యాడు. మా సంఘంలో జంపఖానా నేయడంలో అతన్ని మించినవాడు లేడు. నలభై ఐదేళ్లుంటాయి, మాట తక్కువ. రోజూ సాయంత్రం ఐదున్నరకు వచ్చి, చెప్పులు గడప అవతల విడిచి, తెర ముందు చేతులు కట్టుకుని నిలబడేవాడు. ముందు ఇద్దరూ ఏదో గుసగుసలాడుకునేవారు. తర్వాత రాజమల్లు అడిగేవాడు.

"మాస్టరూ, ఇయ్యాల నేను ఏడికి వచ్చిన?"

"నాలుగో అంతస్తు దాటినవ్ మల్లూ. నడువు."

మాస్టర్ మీట నొక్కేవాడు. రాజమల్లు మొహం వెలిగిపోయేది. తాళాలు వేసుకుని బస్సుకు పోవాల్సిన నేను బయట కూర్చుని, ఒక పిచ్చి రెండయింది కదా అని తిట్టుకునేదాన్ని.

జూన్‌లో కొంప మునిగింది. హనుమకొండలో ఒక పెళ్లిళ్ల హాలు వాళ్లు పన్నెండు జంపఖానాలు అడిగారు, తామర పువ్వు డిజైను. మాస్టర్ గ్రాఫు ఇచ్చాడు. రాజమల్లు మొదటిది నేసి తెచ్చి సంఘం వాకిట్లో పరిచాడు. అందరం చుట్టూ చేరాం. తామర లేదు. వంకర టింకర సందులున్నాయి. కొన్ని ఎటూ పోకుండా ఆగిపోయాయి. ఒక మూల నల్లటి చదరం, ఒక చోట నీలం మెట్లు, నట్టనడుమ ఒకే ఒక్క ఎర్ర గడి.

"ఇదేంది?" అన్నాడు వెంకట్రాజం.

మాస్టర్ వంగి చూశాడు. కళ్లు మెరిశాయి. ఎక్కడున్నాడో మరిచిపోయాడు.

"అరె, రెండో అంతస్తు! ఎంత సక్కగ నేసినవ్ మల్లూ! ఇగో, గీ ఎర్ర గడి కాడనే నువ్వు గుంతల వడ్డది!"

వెంకట్రాజం రాజమల్లు వైపు తిరిగాడు. "నువ్వన్న అడుగద్దా?"

"గ్రాఫుల ఎట్లుంటె అట్ల నేసుడే గద మన పని. మాస్టర్ పెన్సిల్‌కు ఎదురడుగుతమా? గీసారి పువ్వు జర వంకరున్నదనుకున్న."

పెళ్లికొచ్చినవాళ్లు నేలమాళిగ మీద కూర్చుని భోంచేయడం ప్రెసిడెంటుకు నచ్చలేదు. జూన్ ముప్పై సాయంత్రం మీటింగు పెట్టాడు. ఆట బందు, ఫ్లాపీ ఇంజనీరుకు వాపసు. ఆ తీర్మానం ముందుగానే టైపు చేసి పెట్టింది నేనే. ఒక్క తప్పు కూడా పోలేదు.

తీర్మానం చదవగానే మాస్టర్ లేచి చేతులు జోడించాడు. ఇరవై ఆరేళ్లలో ఆయన ఎవర్నీ ఏమీ అడగ్గా ఎవరూ చూడలేదు.

"జంపఖానా తప్పు నాదే ప్రెసిడెంట్ సాబ్. అది నేనే కొనుక్కుంట. ఆట మాత్రం దసరా దాక ఉండనియ్యిండ్రి."

"దసరా దాక ఎందుకు?"

"చెప్పరాదు."

"చెప్పకుంటె ఫ్లాపీ పోతది."

"మాటిచ్చిన సాబ్, చెప్పరాదు. ఒక మనిషిని నడి దారిల ఇడ్సిపెట్టి ఎట్ల రావాలె?"

అందరూ గొల్లుమన్నారు. అందరికన్నా గట్టిగా నవ్వింది నేనే.

"నవ్వకుండ్రి" అని వెనక నుంచి గొంతు వినిపించింది. రాజమల్లు లేచి నిలబడ్డాడు. "నడి దారిల ఉన్నది నేను. నాకు టీబీ."

నవ్వులు ఆగిపోయాయి. అతని పక్కన కూర్చున్నవాడు మెల్లగా అవతలికి జరిగాడు.

"పత్తి దుమ్ముకు వచ్చే దగ్గనుకున్నరు అందరు. నేను గూడ అట్లనే చెప్పిన" అన్నాడు రాజమల్లు. "ఫిబ్రవరిల మాస్టర్ ఇంటికొచ్చి, లోపల నీకు విషప్పొగ తగిలింది మల్లూ, బగ్గ దగ్గుతానవ్, బయట ఎట్లున్నదని అడిగిండు. గట్ల ఎవ్వలు అడుగలే నన్ను. నెత్తురు వడ్తాందని ఆయనకే చెప్పిన. సైకిల్ మీద కూసోవెట్టుకోని దవాఖానకు తీస్కపోయిండు. ఎనిమిది నెలలు దినాం మందు మింగాలన్నరు. రెండు నెలలకు దగ్గు తగ్గింది, నేను బంజేసిన. తెల్లారె మాస్టర్ వచ్చి, నాలుగో అంతస్తు మెట్ల కాడ నువ్వు వడిపోయినవ్, లేస్తలెవ్ అన్నడు. నమ్మలే. వచ్చి చూస్తె ఇంగ్లీషుల అట్లనే ఉన్నదని సదివి చెప్పిండు. మందు మింగిన. లేసిన. గప్పటి సంది దినాం మింగుతాన, దినాం నడుస్తాన. ఇప్పుడు ఆట బందువెడ్తె మింగుతనో మింగనో నాకే నమ్మకం లేదు."

బక్కమ్మ తన పీట ఎత్తుకొచ్చి, ఖాళీ అయిన చోట వేసింది. "మందు మింగేటోని తోని ఫికర్ లేదన్నరంట డాక్టర్లు. జరుగు మల్లూ, నేను గూసుంట" అంది.

వెంకట్రాజం నా వైపు తిరిగాడు. "శారదమ్మా, ఆ కాయిదం చింపెయ్" అన్నాడు. ఆపైన, "తాళాలు తీసేటోడు లేకుంటె వీళ్లు మాత్రం ఎట్ల పోతరు" అని గొణుక్కున్నాడు. చింపాను. సిగ్గేసింది, దాచుకోవడమెందుకు.

మర్నాడు పొద్దున ఎవరూ రాకముందే వెళ్లి ఫ్లాపీ పెట్టాను. ఆరుగురినీ ఒకసారి చూడాలనిపించింది. పేర్లు వరసగా వచ్చాయి. రాజమల్లుకు విషం లేదు. బక్కమ్మకు తేలు లేదు. ఎవరి ఒంటి మీదా గీత కూడా లేదు. ఆరుగురూ ఎంత బలిసి ఉన్నారంటే, వాళ్లను చూస్తే భూతాలే పారిపోతాయి. కింద ఇంకో వరస ఉంది. మాంత్రికుడు ఓడిపోయాడట, ఆట గెలిచారట. తేదీ జనవరి ఇరవై రెండు. రోజూ పొద్దున ఆ మిషన్‌కు తేదీ చెప్పేది నేనే, కాబట్టి అందులో అబద్ధం ఉండదు.

అబద్ధాలన్నీ ఆ తర్వాత మాస్టర్ ఆడినవే. మార్చిలో వారం రోజులు, నా కళ్లలో లోపల ఇసుక పడిందని, ఎట్లున్నాయని రోజూ అడిగాడు. నేను రోజూ విసుక్కున్నాను. అది మా అమ్మ దవాఖానాలో ఉన్న వారం. ఏడ్చి ఎర్రబడ్డ కళ్లతో పనికొచ్చేదాన్ని గానీ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు తెర ముందు కూర్చుని కాసేపు ఏడ్చాను, తర్వాత నవ్వొచ్చింది.

సాయంత్రం మాస్టర్ రాగానే అడిగాను. "మాస్టర్ సాబ్, ఆట జనవరిల్నే ఒడిసిపాయె గద?"

ఆయన గుమ్మం వైపు చూశాడు. రాజమల్లు అప్పుడే చెప్పులు విడుస్తున్నాడు.

"మెల్లగ బిడ్డా" అన్నాడు. "ఇంకా నూట పన్నెండు దినాల మాత్రలున్నయి."

రాజమల్లు వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "మందు మింగిన. ఇయ్యాల నేను ఏడికి వచ్చిన?" అని అడిగాడు. మాస్టర్ నోరు తెరవబోయాడు. నేను ఆయన్ని కుర్చీలోంచి లేపి, నేనే కూర్చుని, కళ్లద్దాలు సర్దుకుని తెర మీదికి వంగాను. అక్కడ పచ్చ గీతలు తప్ప ఏమీ లేవు.

"ఐదో అంతస్తు" అని చదివాను. "ముంగట పెద్ద పామున్నది."

"మందు మింగినంక గూడ పామేనా శారదమ్మా?" అన్నాడు రాజమల్లు కంగారుగా.

"నిన్ను చూసి పక్కకు జరిగిందట. ఇంగ్లీషుల రాసున్నది" అన్నాను. "నడువు."